అందరి సైట్లలో ఉందంటే అది ప్యాటర్న్ అయినట్టేనా?

ఇప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ల దగ్గర్నుంచి కడియం నర్సరీల దాకా, పాపికొండల బోటు ప్యాకేజీలు నడిపేవాళ్ల దగ్గర్నుంచి భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారుల దాకా అందరికీ ఒక వెబ్‌సైట్ కావాలి. ఏఐ టూల్‌కి నాలుగు ముక్కలు చెబితే కాసేపట్లో సైట్ తయారైపోతోంది కాబట్టి ఖర్చు భయం కూడా తగ్గింది. కానీ సైట్ చేయించుకునేవాళ్లు మొదట అనే మాట మాత్రం మారలేదు: "ఫలానా వాళ్ల సైట్ చూడండి, అచ్చం అలాగే చేసి పెట్టండి." చేసేవాళ్లకి కాస్త డిజైన్ చదువు ఉంటే, "అలా ఒకళ్లది చూసి చేయకూడదండీ, మీ రంగంలో ఓ పది సైట్లు చూసి, వాటిల్లో ప్యాటర్న్‌లు పట్టుకుని, దాన్నిబట్టి చేయాలి" అంటారు. ఆ మాట సరైనదే. చిక్కంతా ఆ తర్వాత జరిగేదానిలో ఉంది. పది సైట్లు తెరుస్తారు, స్క్రీన్‌షాట్లు తీస్తారు, ఎక్కువ చోట్ల ఏది కనిపిస్తే దానికి ప్యాటర్న్ అని పేరు పెట్టేస్తారు. ఒకళ్లని కాపీ కొట్టే బదులు పదిమందినీ కలిపి కాపీ కొట్టినట్టవుతుంది, అంతే.

ఒకే రంగంలోని సైట్ల నుంచి మళ్లీ మళ్లీ వాడుకోదగ్గ డిజైన్‌ని తీయడం నిజంగా ఉపయోగపడే పని. పద్ధతిగా చేస్తే, ఒక చిన్న వ్యాపారి నెలల తరబడి చేతులు కాల్చుకుని నేర్చుకునేది ముందే తెలుస్తుంది. అందుకే ఆ పని ఎలా చేస్తారు, ఎక్కడ బోల్తా పడతారు, దాని మీద చేసేవాళ్లలోనే ఎందుకు పేచీలున్నాయి అన్నది మన గోదావరి జిల్లాల ఉదాహరణలతోనే చూద్దాం.

ముందు మాటలు తేల్చుకుందాం

రంగం అంటే ఒకే రకం మనుషులు, ఒకే రకం సరుకు, ఒకే రకం ఇబ్బందులు ఉన్న చోటు. "ఈ-కామర్స్" అనేది ఈ పనికి మరీ పెద్ద మాట. పూతరేకుల సైట్, కడియం నర్సరీ సైట్ రెండూ ఆన్‌లైన్‌లో సరుకు చూపించేవే. కానీ పూతరేకులు కొనేవాళ్లకి ధర తెలుసు, బాక్సు తెలుసు, కార్ట్‌లో వేసుకుని డబ్బులు కట్టేస్తే చాలు. నర్సరీ దగ్గర టోకున కొనేవాళ్ల సంగతి వేరు. మొక్క ఎత్తు ఎంత, కవర్ సైజు ఎంత, ఎన్ని మొక్కలు, లారీ ఎక్కడిదాకా వెళ్లాలి అన్నది మాట్లాడుకుంటే తప్ప ధర తేలదు. అక్కడ "కార్ట్‌లో వేయండి" బటన్ పెడితే దాన్ని నొక్కే మనిషే ఉండడు. కాబట్టి పోల్చదగ్గ సైట్లు ఏవో తేల్చుకోవడమే సగం పని, ఈ సగాన్నే చాలామంది వదిలేస్తారు.

ప్యాటర్న్ అనే ఆలోచన కంప్యూటర్ల నుంచి రాలేదు, ఇళ్లు కట్టే శాస్త్రం నుంచి వచ్చింది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్ట్, ఆయన సహచరులు 1977లో 253 ప్యాటర్న్‌లతో ఒక పుస్తకం వేశారు. ఊళ్లు, వీధులు, ఇళ్లు, గదుల్లో పదేపదే ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి, దానికి పరిష్కారం తాలూకు సారం ఏమిటి అని ఒక్కోటీ విడివిడిగా రాశారు. సారం ఒకటే అయినా ఏ రెండుసార్లూ ఒకేలా కట్టనక్కర్లేదన్నది అందులో ముఖ్యమైన సంగతి. మన మండువా లోగిలినే తీసుకోండి. పెద్ద ఉమ్మడి ఇంట్లో నడిమి గదులకి గాలి, వెలుతురు ఎలా, జడివానలో నీళ్లు ఎటు పోవాలి అన్నది ఇబ్బంది. మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు, దాని వైపుకి వాలిన కప్పు, పడిన నీళ్లు బయటికి పోయే తూము, ఇది పరిష్కారం. ఒక ఊళ్లో మండువా చిన్నది, ఇంకో ఊళ్లో స్తంభాలకి నగిషీలు, అయినా రెండూ అదే ప్యాటర్న్. గాలీ వెలుతురూ అక్కర్లేని చోట అందం కోసం ఆ ఆకారాన్ని దింపితే మాత్రం అది మండువా బొమ్మే అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌లోకి ఈ ఆలోచనని 1987లో వార్డ్ కన్నింగ్‌హామ్, కెంట్ బెక్ తెచ్చారు. 1994లో నలుగురు రచయితలు 23 ప్యాటర్న్‌లతో వేసిన పుస్తకంతో ప్రోగ్రామర్లందరికీ ఇది అలవాటు మాటైంది. తెరమీద కనిపించే డిజైన్‌లోకి కూడా త్వరలోనే వచ్చింది, 2006లో యాహూ తన ప్యాటర్న్‌ల సంకలనాన్ని అందరికీ తెరిచి పెట్టింది.

ఇక టెంప్లేట్ అంటే ముందే తయారైన సైట్, పేర్లూ ఫొటోలూ మార్చుకుంటే చాలు. కాంపొనెంట్ అంటే అందులో ఒక ముక్క: ఒక బటన్, ఒక ఫారం, ఒక ధరల పట్టిక. ఈ రెండూ చేతికి దొరికే వస్తువులు. ప్యాటర్న్ వస్తువు కాదు, ఫలానా పరిస్థితిలో ఫలానా ఇబ్బందికి ఫలానా దారి ఎందుకు పనిచేస్తుందో చెప్పే వివరణ. "ఎందుకు" అన్నది లేకపోతే మిగిలేది స్క్రీన్‌షాటే.

పది పూతరేకుల సైట్లు తెరిచామనుకోండి

ఇక్కడి అంకెలు పద్ధతి చూపించడానికి వేసుకున్న లెక్క మాత్రమే, ఎవరి సైట్ల సర్వే కాదు. పది సైట్లలో కదిలే బ్యానర్ పదింటిలోనూ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) లైసెన్స్ నంబర్ 9 చోట్ల, వాట్సాప్‌లో అడిగే బటన్ 8 చోట్ల, ఎన్ని రోజులు నిల్వ ఉంటాయో చెప్పే లైను 6 చోట్ల, "ఇంకా 3 బాక్సులే మిగిలాయి" అనే ఎర్ర అక్షరాలు 5 చోట్ల, విదేశాలకి పంపడం గురించి విడిగా ఒక పేజీ 3 చోట్ల ఉన్నాయి.

ఎక్కువ చోట్ల ఉన్నదే ప్యాటర్న్ అనుకుంటే కదిలే బ్యానర్‌కి మొదటి స్థానం, విదేశాలకి పంపే పేజీకి ఆఖరి స్థానం వస్తుంది. అదే అమెరికాలో ఉన్న కొడుక్కి సంక్రాంతికి రేకులు పంపాలనుకునే తల్లిని అడిగితే వరస పూర్తిగా తిరగబడుతుంది. అంటే లెక్క ఒక ఆచూకీ ఇస్తుందే తప్ప తీర్పు చెప్పదు. ఆ ఆచూకీ పట్టుకుని వెళ్లి, ఈ పోలిక అసలు ఎక్కడ పుట్టిందని అడగాలి.

పోలిక ఎక్కడ పుట్టింది?

కదిలే బ్యానర్ సంగతి చూద్దాం. బ్రౌజర్‌లో పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిస్తే చాలాసార్లు థీమ్ పేరు, అంటే ఆ సైట్‌కి వాడిన టెంప్లేట్ పేరు, అక్కడే ఫైళ్ల దారిలో కనిపిస్తుంది. పదింటిలో ఆరు ఒకే థీమ్ మీద నడుస్తున్నాయి, ఇంకో రెండు ఒకే మనిషి చేతి పని అని తేలిందనుకోండి. ఇప్పుడు ఆ ఆరూ కలిపి ఒకటి, ఆ రెండూ కలిపి ఒకటి, మిగిలినవి రెండు. మొత్తం మీద నిజంగా విడివిడిగా ఆలోచించినవి నాలుగే. ప్యాటర్న్‌లు రాసేవాళ్లలో ఒక పాత ఆనవాయితీ ఉంది: కనీసం మూడు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కనిపిస్తేనే దాన్ని ప్యాటర్న్ అనాలి. "మూడు" అందరికీ గుర్తుంటుంది, "సంబంధం లేకుండా" అన్నదే జారిపోతుంది. పైగా ఆ బ్యానర్‌ని పూతరేకుల అవసరం ఏదీ కోరలేదు. థీమ్ తయారుచేసినవాళ్లు పెట్టారు, తీసేయడం ఎవరికీ తోచలేదు. టెంప్లేట్ మిగిల్చిన గుర్తులు వెతికితే దొరుకుతూనే ఉంటాయి. బెల్లం పూతరేకుల బాక్సు కింద "సైజ్ గైడ్" అనే లింకు ఉందంటే ఆ థీమ్ బట్టల షాపు కోసం పుట్టిందన్నమాట. రిటర్న్ పాలసీలో, సంబంధం లేని ఏదో నగరం కోర్టుల పరిధి అని రాసి ఉంటే ఆ పేజీ ఎక్కడినుంచో మొత్తంగా దిగిందని అర్థం.

లైసెన్స్ నంబర్ పుట్టింది చట్టంలో. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్‌లో 14 అంకెలుంటాయి, తిండి అమ్మేవాళ్లు దాన్ని చూపించాలి. అలాగే స్వీటు షాపుల్లో విడిగా అమ్మే మిఠాయిలకి ఏ తేదీలోపు తినాలో రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబర్ 1 నుంచి ఉంది. ఇలాంటివి అన్ని చోట్లా కనిపించడంలో కనిపెట్టడానికేమీ లేదు. వాటిని ఎక్కడ పెడితే కొనేవాళ్లకి పనికొస్తాయన్నది మాత్రం డిజైన్ ప్రశ్నే. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నంబరుకీ, ధర పక్కనే ఉన్న నంబరుకీ నమ్మకంలో తేడా ఉంటుంది.

"ఇంకా 3 బాక్సులే" అన్నది ఒకళ్లని చూసి ఒకళ్లు పెట్టుకున్నది. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. పూతరేకులు చాలాచోట్ల ఆర్డర్ వచ్చాకే చుట్టిస్తారు. రేకు ముందే తీసి ఉంచినా, నెయ్యి రాసి చక్కెరో బెల్లమో చల్లి మడత పెట్టడం తర్వాతి సంగతి. అలాంటప్పుడు గోడౌన్‌లో మిగిలిన మూడు బాక్సులు ఎక్కడివి? పెద్ద షాపింగ్ సైట్లలో చూసి, కొనేవాళ్లని తొందరపెట్టడానికి తెచ్చుకున్న మాట అది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లని మభ్యపెట్టే డిజైన్ల మీద, మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో చెప్పిన 13 రకాల్లో ఇలా లేని తొందర పుట్టించడం ఒకటి. కొనేవాళ్లకి తెలియకుండా కార్ట్‌లో అదనపు సరుకు వేయడం, ధరని కొంచెం కొంచెంగా బయటపెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. డార్క్ ప్యాటర్న్‌లనే పేరు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ పెట్టాడు. అవి కూడా పదేపదే కనిపించేవే, వాటికీ ఒక "ఎందుకు" ఉంది, కాకపోతే ఆ లాభం అమ్మేవాళ్లకి, నష్టం కొనేవాళ్లకి. కాబట్టి "ఎందుకు" అని అడిగి ఊరుకుంటే చాలదు, "ఎవరి కోసం" అని కూడా అడగాలి. రోజుకి ఇన్ని బాక్సులే చుట్టగలం అన్నది నిజమే అయితే చెప్పడానికి మర్యాదైన దారి ఉంది: "ఈ రోజు ఆర్డర్లు నిండాయి, గురువారం చుట్టి పంపగలం."

ఇక మిగిలినవి వాట్సాప్ బటన్, నిల్వ రోజులు, విదేశాల పేజీ. ఇవి సరుకు స్వభావంలోంచి పుట్టినవి. వేర్వేరు మనుషులు, వేర్వేరు థీమ్‌ల మీద, ఒకళ్లకొకళ్లు తెలియకుండా పెట్టుకున్నారంటే కొనేవాళ్లు ఏదో అడిగి అడిగి పెట్టించారన్నమాట. తవ్వాల్సింది ఇక్కడ.

ఒక ప్యాటర్న్‌ని పూర్తిగా రాసి చూస్తే

రాయడం మొదలుపెడితే గానీ మనకి నిజంగా ఏం తెలుసో తెలియదు. ఆరు చోట్ల కనిపించిన నిల్వ లైనునే తీసుకుందాం. పేరు: "ఎప్పుడు చుట్టినవి, ఎప్పటిదాకా తినొచ్చు."

పరిస్థితి ఏమిటంటే, అమ్మే మనిషి ఆత్రేయపురంలో, కొనే మనిషి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నారు, సరుకు త్వరగా పాడయ్యేది. పొరలు పలచన, తేమ తగిలితే మెత్తబడతాయి, దెబ్బ తగిలితే పొడి పొడి అవుతాయి, రోజులు గడిచేకొద్దీ నెయ్యి వాసన మారుతుంది. షాపులో అయితే కొనేవాళ్లు ఎదురుగా ఉన్న మనిషిని "ఇవాళ్టివేనా?" అని అడిగి కొంటారు, ఇక్కడ అడగడానికి మనిషి లేడు. ఇదీ ఇబ్బంది. దీన్ని రెండు వైపుల నుంచి రెండు అవసరాలు లాగుతుంటాయి: కొనేవాళ్లకి కచ్చితమైన తేదీ కావాలి, అమ్మేవాళ్లకి పండగ రద్దీలో తేదీకి కట్టుబడటం కష్టం.

ఎక్కువగా కనిపించే పరిష్కారం "నిల్వ 15 రోజులు" అని ఒక లైను. అది సగం జవాబే. లెక్క చూడండి. 12వ తేదీన చుట్టారు, 15 రోజుల నిల్వ అంటే 27 దాకా. పార్సిల్ 15న చేరింది. కొన్నవాళ్ల చేతిలో ఉన్నది 12 రోజులు. అదే దారిలో 8 రోజులు పట్టే విదేశీ పార్సిల్ అయితే మిగిలేది 7 రోజులు, అంటే సగానికి పైగా దారిలోనే అయిపోయింది. "15" అన్న ఒకే అంకె ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది గానీ ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. కాబట్టి పరిష్కారం సారం ఇలా రాయాలి: పిన్‌కోడ్ ఇవ్వగానే, డబ్బు కట్టకముందే, ధర పక్కనే మూడు తేదీలు చెప్పాలి, ఎప్పుడు చుడతారు, ఎప్పుడు చేరుతుంది, ఎప్పటిలోపు తినాలి. అప్పుడు విదేశాల పేజీ ఎందుకు పుట్టిందో కూడా తెలిసిపోతుంది. తేదీల లెక్క అక్కడ అంత తేడా వస్తుంది కాబట్టి వాళ్లకి నెయ్యి రాయని ఉత్త రేకులు పంపడం, ఇంట్లో చుట్టుకునే పద్ధతి చెప్పడం లాంటి వేరే దారి చూపించాలి. రెండు పోలికలనుకున్నవి ఒకే ఇబ్బందికి రెండు ముఖాలని రాస్తేనే బయటపడింది.

దీనివల్ల వచ్చే బరువునీ రాయాలి. తేదీ చెప్పాక తప్పితే కోపం రెట్టింపవుతుంది. రోజుకి ఎంత చుట్టగలరో సైట్‌కి ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి.

ఇది ఎంతదూరం పనికొస్తుంది? తాపేశ్వరం కాజాలకి వస్తుంది, రోజుల లెక్క మాత్రమే మారుతుంది. ఉప్పాడ జాందానీ చీరలకి అక్కర్లేదు. ఆ చీరల సైట్, ఈ రేకుల సైట్ ఒకే థీమ్ మీద, ఒకే కొరియర్‌తో నడవొచ్చు, ఇద్దరిదీ జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే ముద్ర) ఉన్న సరుకే (చీరలకి 2009లో, పూతరేకులకి 2023లో వచ్చింది), అయినా ఈ విషయంలో వాళ్లు వేరే రంగం. రంగానికి హద్దు ఊరినిబట్టి రాదు.

ఈ హద్దుల్ని పద్ధతిగా గీయడానికి ఒక పాత పరికరం ఉంది. 1990లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యో కాంగ్ బృందం రంగాన్ని విశ్లేషించే ఒక విధానం ఇచ్చింది. ఒక రంగంలోని వ్యవస్థలన్నిటినీ పరిచి, ఏవి తప్పనిసరి, ఏవి ఉంటే ఉండొచ్చు లేకపోతే లేదు, ఏవి ఇదో అదో ఒకటి అని మూడు రకాలుగా చెట్టులా గీస్తారు. పూతరేకులకి అయితే చుట్టే తేదీ తప్పనిసరి, గిఫ్ట్ ప్యాకింగ్ ఐచ్ఛికం, చక్కెరా బెల్లమా అన్నది ఇదో అదో. పాతదే అయినా, స్క్రీన్‌షాట్ల గుట్ట కంటే ఒక కాగితం మీద ఈ చెట్టు గీసుకోవడం ఎక్కువ నేర్పిస్తుందని నా అభిప్రాయం.

వరద అంకె, రొయ్య ధర: ఎంత సాధారణంగా చెప్పాలి?

ఇక్కడికి వచ్చాక అసలైన చిక్కు మొదలవుతుంది. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత ఉందో చెప్పే పేజీలు చూడండి. "14.2 అడుగులు" అని ఒక్క అంకె వేస్తే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఏమీ అర్థం కాదు. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకి మాత్రం వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారని వాళ్లకి తెలుసు. మంచి పేజీ ఆ అంకెని ఈ గీతల మధ్య పెట్టి చూపిస్తుంది: రెండో హెచ్చరిక దాటింది, మూడోదానికి ఇంకా మూడున్నర అడుగులుంది. దానితోపాటు ఎన్ని గంటలకి కొలిచారు, పెరుగుతోందా తగ్గుతోందా, ఎగువన భద్రాచలం దగ్గర ఎలా ఉంది, ఈ మూడూ చెబుతుంది. భద్రాచలంలోని హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి ఉంటాయి కాబట్టి రెండు చోట్ల అంకెల్నీ పక్కపక్కన ఊరికే పెడితే అవి వేర్వేరు కొలతలని తెలియక జనం కంగారు పడతారు.

ఇప్పుడు రొయ్యల ధరల పేజీకి రండి. వనామీ రకం రొయ్య ధర కౌంట్‌ని బట్టి ఉంటుంది, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే పెద్దవి, ధర ఎక్కువ. 100 కౌంట్ అంటే చిన్నవి, ధర తక్కువ. రైతుకి కావాల్సింది తన చెరువులో ఉన్న కౌంట్‌కి ఇవాళ ధరెంత, నిన్నటికి ఎంత తేడా, ఇది ఏ ప్రాంతం ధర అన్నది. అంకె మాత్రమే ఇచ్చి తేదీ ఇవ్వని ధరల పట్టిక వాట్సాప్‌లో తిరుగుతూ నాలుగు రోజుల తర్వాత చేరితే, దాన్ని చూసి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకునే రైతు నష్టపోతాడు.

రెండిటినీ కలిపి చూస్తే "అంకెని ఒంటరిగా చూపించొద్దు, కొలిచిన సమయం, దిశ, పోల్చుకునే గీత కలిపి చూపించు" అనే ప్యాటర్న్ తేలుతుంది. ఇది షుగర్ టెస్టు రిపోర్టుకి కూడా వర్తిస్తుంది. మరి ఇది మంచి ప్యాటర్నేనా? ఒక పక్షం అంటుంది, ఎంత ఎక్కువ చోట్ల పనికొస్తే అంత విలువ. ఇంకో పక్షం అంటుంది, ఇంత పలచన చేశాక అందులో గోదావరీ లేదు రొయ్యా లేదు, దాన్ని చదివి వరద పేజీ తయారుచేయబోయేవాడికి 17.75 గీత గీయాలని ఎలా తోస్తుంది? ఈ విషయంలో నేను రెండో పక్షం. సాధారణ సూత్రం తెలుసుకోవడం మంచిదే, రాసి దాచుకోవాల్సింది మాత్రం రంగం మాటల్లోనే: అడుగులు, క్యూసెక్కులు, హెచ్చరికలు, కౌంట్, పట్టుబడి. మొదటి పక్షానికీ ఒక బలం ఉంది, ఒప్పుకోవాలి. ఒక రంగంలో మూడే సైట్లు ఉన్నప్పుడు, పక్క రంగంలోంచి సాయం తెచ్చుకోకపోతే ఏ పోలికా తేలదు.

యంత్రం చేయగలదా?

కొంతవరకు చేయగలదు. వెబ్ పేజీ అంటే లోపల ఒక చెట్టు, కొమ్మల్లోంచి కొమ్మలుగా అమరిన ముక్కలు. పది పేజీల చెట్లని పోల్చి ఏ కొమ్మలు పదేపదే వస్తున్నాయో ప్రోగ్రామ్‌తో పట్టుకోవచ్చు. 2013లో వెబ్‌జైట్‌గైస్ట్ అనే పరిశోధన లక్షకి పైగా పేజీలను ఇలా సేకరించి, డిజైన్‌ని బట్టి వెతుక్కునేలా అమర్చింది. 2017లో రికో అనే సంకలనం దాదాపు 9,700 ఆండ్రాయిడ్ యాప్‌ల నుంచి 72 వేల పైచిలుకు తెరల్ని పోగుచేసింది. ఇంకో దారి స్కీమా డాట్ ఆర్గ్, 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి పదజాలం. ఇది సరుకు, ఇది ధర, ఇది కార్యక్రమం తేదీ అని పేజీలోనే యంత్రానికి అర్థమయ్యేలా గుర్తులు పెట్టొచ్చు. రూపాలు ఎంత వేరుగా ఉన్నా ఒకే అర్థమున్న ముక్కల్ని ఈ గుర్తుల ద్వారా జత కలపొచ్చు.

యంత్రం బాగా చేసేది ఏది, ఎన్నిచోట్ల, ఎక్కడ అన్నది. ఎందుకు అన్నది చెట్టులో ఉండదు. ఇంకో ఇబ్బంది ఈమధ్యే పెరిగింది. ఏఐ టూల్స్ ఎక్కువగా కనిపించేవాటినుంచే నేర్చుకుంటాయి, కాబట్టి అవి తయారుచేసే సైట్లలో ఎక్కువగా కనిపించేవే మళ్లీ వస్తాయి. రేపు మనం పది సైట్లు లెక్కపెట్టినప్పుడు వాటిలో ఏడు అలా పుట్టినవే అయితే, పైకి థీమ్ పేర్లు వేరైనా పోలిక ఒకే మూలం నుంచి వచ్చిందన్నమాట. పేజీ సోర్స్ చూసి థీమ్ పట్టుకున్నంత తేలిగ్గా దీన్ని పట్టుకోలేం. "సంబంధం లేకుండా మూడు చోట్ల" అనే ఆనవాయితీని నిలబెట్టుకోవడం ముందు ముందు ఇంకా కష్టమవుతుంది.

అందరూ ఒకేలా ఉంటే మనదేది?

ఇది పాత పేచీయే. వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000 సంవత్సరంలో ఒక మాట చెప్పాడు: జనం ఎక్కువ సమయం గడిపేది మీ సైట్‌లో కాదు, వేరే సైట్లలో, కాబట్టి మీదీ వాళ్లకి అలవాటైనట్టే నడవాలని కోరుకుంటారు. వయసు మీదపడి ఫోన్ కొత్తగా వాడుతున్నవాళ్లని చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ప్రభుత్వ సైట్ల విషయంలో అయితే దీన్ని నియమంగానే పెట్టుకున్నారు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) నడిపే ఎస్3వాస్ అనే ఏర్పాటు మీద జిల్లాల సైట్లు ఒకే అచ్చులో వస్తాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడి, ఒకే తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ విడిగా వచ్చినప్పుడు ఇలాంటి అచ్చు ఎంత ఉపయోగమో వేరే చెప్పక్కర్లేదు.

ఎదుటి పక్షం వాదన కూడా తేలిగ్గా కొట్టేసేది కాదు. చిన్న వ్యాపారికి తన ప్రత్యేకతే పెట్టుబడి. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన పలచటి గుడ్డని ఒక్క లాగు లాగి, కాగితం లాంటి రేకు లేపే చేయి ఆయన సైట్‌లో కనిపించకుండా, అందరిలాగే తెల్ల వెనకతెర మీద బాక్సు ఫొటో ఉంటే ఆ మనిషికి అన్యాయమే. నాకు అనిపించేదేమిటంటే ఈ రెండు పక్షాలూ చాలాసార్లు వేర్వేరు వస్తువుల గురించి వాదించుకుంటున్నాయి. డబ్బు కట్టే చోట, అడ్రస్ ఇచ్చే చోట, తేదీ చూసే చోట కొత్తదనం ఎవరికీ అక్కర్లేదు. సరుకు కథ చెప్పే చోట అలవాటు ఎవరికీ అక్కర్లేదు.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీస్తుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు తేదీలు ధర పక్కన చూపించాలన్న ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు. పక్కవాళ్ల ఫొటోలు, రాతలు, కోడ్ ఎత్తుకొస్తే అది ప్యాటర్న్ కాదు, దొంగతనం.

ఇంకో అభ్యంతరం వీటన్నిటికంటే లోతైనది. సైట్లు చూసి తీసిన ప్యాటర్న్ అమ్మేవాళ్లు ఏం చేశారో చెబుతుంది గానీ అది పనిచేసిందో లేదో చెప్పదు. వాట్సాప్ బటన్ ఎనిమిది చోట్ల ఉంది సరే, దాన్ని ఎందరు నొక్కారు, నొక్కినవాళ్లకి జవాబు వచ్చిందా, వచ్చాక కొన్నారా? బయటినుంచి చూసేవాళ్లకి ఇది కనిపించదు. మూతపడ్డ సైట్లు మన పదింటిలోకి రానేరావు కాబట్టి అవి ఏం చేసి మూతపడ్డాయో కూడా తెలియదు. అందుకే వాడేవాళ్లని కూర్చోబెట్టి చూడటమే దారి, సైట్లు పోల్చడం వృథా అనేవాళ్లున్నారు. వృథా అని నేను అనను, ఎందుకంటే ఏం అడగాలో పోల్చాకే తెలుస్తుంది. కానీ పోల్చి ఆగిపోతే ఆ విమర్శ నూటికి నూరుపాళ్లూ న్యాయం.

ఏ సైట్లోనూ లేనివి

పాపికొండల ప్యాకేజీల సైట్లని ఇదే పద్ధతిలో చూస్తే బోటు ఫొటోలు, పెద్దలకి పిల్లలకి ధరలు, భోజనంలో ఏముంటుంది, ఎక్కడ ఎక్కాలి అన్నవి తేలిగ్గా తేలతాయి. అదే వర్షాకాలంలో ఆ టికెట్ల కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి ఫోన్లు వింటే మొదటి ప్రశ్న వేరే ఉంటుంది: "రేపు బోటు నడుస్తుందా అండీ?" గోదావరి పోటెత్తితే బోట్లు ఆపేస్తారు, వేరే ఊళ్ల నుంచి రైలు టికెట్లు తీసుకుని బయల్దేరేవాళ్లకి అదే పెద్ద టెన్షన్. రెండో ప్రశ్న 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాళ్లది: లైఫ్ జాకెట్లు అందరికీ ఇస్తారా, పర్మిషన్ ఉన్న బోటేనా, నడవకపోతే డబ్బు తిరిగి ఎప్పుడిస్తారు?

ఈ ప్రశ్నలకి జవాబు సైట్లలో లేకపోతే ఎన్ని సైట్లు లెక్కపెట్టినా, ఎంత పెద్ద యంత్రంతో లెక్కపెట్టినా అది సున్నాగానే వస్తుంది. కాబట్టి సైట్ల పట్టిక పక్కన ఇంకో పట్టిక ఉండాలి: ఫోన్లలో, వాట్సాప్‌లో, కౌంటర్ దగ్గర జనం అడిగిన ప్రశ్నలు, వాళ్ల మాటల్లోనే. రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి, జనం అడుగుతున్నదీ సైట్లు చెబుతున్నదీ ఎక్కడ కలుస్తున్నాయో చూస్తే అవి గట్టి ప్యాటర్న్‌లు. సైట్లు చెబుతున్నా ఎవరూ అడగనివి, కదిలే బ్యానర్ లాంటివి, వదిలేయొచ్చు. అడుగుతున్నా ఎవరూ చెప్పనివాటికి ఎవరో ఒకరు ముందుగా ఒక జవాబు కట్టి చూడాలి. ఉదాహరణకి హోమ్ పేజీలో అన్నిటికంటే పైన "రేపటి బోటు: నడుస్తుంది, సాయంత్రం 6 గంటలకి మళ్లీ చూడండి" అని ఒక లైను. ఒకళ్లు పెట్టి ఫోన్లు తగ్గాయా లేదా చూడాలి, తర్వాత వాళ్లతో సంబంధం లేని ఇంకో ఇద్దరు తమంతట తాము అదే దారికి రావాలి. అప్పటిదాకా దాన్ని మంచి ఊహ కిందే రాసుకోవాలి, ప్యాటర్న్‌ల జాబితాలో వేయకూడదు.